సముద్రం ఒడ్డున తెల్లవార్లూ పాట… ఇంట్లో ఏమని చెప్పాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 24 ఏళ్ళు. మాది నిజాంపేట. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రెండేళ్ళ క్రితం రిటైరయ్యారు. ఎక్కువగా నైట్ సర్వీసులే నడిపారు. అమ్మ ఇంట్లోనే ఉంటుంది. డిసెంబర్‌లో గోవాలో సముద్రం ఒడ్డున ఎలక్ట్రానిక్ మ్యూజిక్ ఫెస్టివల్ ఉంది. రెండు రోజులు, తెల్లవార్లూ. ఆఫీసు వాళ్ళం ఆరుగురం టికెట్లు కొనేశాం. నలుగురు అబ్బాయిలు, ఇద్దరం అమ్మాయిలం. ఒకతని ఏడు సీట్ల కారులో వెళ్ళి, రెండో రాత్రి అయిపోగానే పొద్దున్నే అదే కారులో బయల్దేరి వచ్చేయాలని ప్లాన్. కాలేజీ రోజుల నుంచి ఈ మ్యూజిక్ అంటే నాకు ప్రాణం. హెడ్‌ఫోన్స్‌లో ఇది మోగుతుంటేనే పని సాగుతుంది. అమ్మేమో "రేకు డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టుంది" అంటుంది. గోవా అని, రాత్రంతా అని చెబితే ఇంట్లో యుద్ధమే. అందుకే బెంగళూరులో ఆఫీసు ట్రైనింగ్ ఉందని చెప్పి వెళ్దామనుకుంటున్నాను. ఫ్రెండ్స్ కూడా అదే చెప్పమంటున్నారు. కానీ పది రోజులుగా నిద్ర పట్టడం లేదు. అక్కడ డ్రగ్స్ ఉంటాయంటారు, పోలీసులు పట్టుకుంటారంటారు, ఆ సౌండ్‌కి చెవులు పోతాయంటారు. వెళ్ళడం తప్పా? వెళ్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– కె., నిజాంపేట

జవాబు: తల్లీ, వెళ్ళడం తప్పు కాదు. నీ జీతం పెట్టి, నీకు ప్రాణమైన పాట వినడానికి, నీతో రోజూ పనిచేసేవాళ్ళతో వెళ్తున్నావు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు నిద్ర పట్టనివ్వనిది గోవా కాదు, నువ్వు చెప్పబోయే ఆ బెంగళూరు. దాని గురించి చాలా చెప్పాలి. ముందు పాట సంగతి.

రాత్రంతా మేలుకుని పాట వినడం మన ఇళ్ళల్లో ఎవరికీ కొత్త కాదు. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. శివరాత్రి వచ్చిందంటే కోటప్పకొండ తిరునాళ్ళకు బండ్లు కట్టేవాళ్ళు. కొండ కింద వరసగా ప్రభలు, తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు, కింది నుంచి కొస దాకా కరెంటు బల్బులు. ఒక్కోదాని పక్కన ఒక జనరేటరు, మైకులు. ఈ ప్రభ దగ్గర పద్యాలు, ఆ ప్రభ దగ్గర సినిమా పాటలు, రెండూ కలిసిపోయి నేల అదిరేది. గడ్డి పరిచిన బండిలో పడుకుని, వింటూ నిద్రపోయి, ఏదో పెద్ద మోతకి లేచి మళ్ళీ వినేదాన్ని. మా నాయనమ్మ జాగారం అని కూర్చునేది గానీ ఆవిడ కళ్ళూ ప్రభల మీదే ఉండేవి. కాబట్టి జనంలో నిలబడి రాత్రంతా ఒకే దరువులో మునిగిపోవాలన్న నీ కోరిక నాకు వింతగా లేదు.

ఆ తిరునాళ్ళలో బండి దిగగానే మా నాన్న చేసే మొదటి పని ఒకటుండేది. నన్ను ఒక చెరుకురసం బండి దగ్గరకు తీసుకెళ్ళి, "తప్పిపోతే నన్ను వెతకొద్దు. ఇక్కడికొచ్చి నిలబడు. నేనే వస్తా" అనేవాడు. తొమ్మిదో ఏట నిజంగానే తప్పిపోయాను. చుట్టూ అందరివీ నడుములే, ఒక్క ముఖం కనిపించలేదు. గానుగ చక్రానికి కట్టిన గజ్జెల చప్పుడు పట్టుకుని అక్కడికి చేరాను. చెరుకు పిప్పి వాసన, కాళ్ళ కింద చిత్తడి, రసం తీసేవాడు నా వంక చూసి సగం గ్లాసు చేతిలో పెట్టడం, ఇవన్నీ ఇప్పటికీ గుర్తు. పావుగంటలో నాన్న వచ్చాడు. తిట్టలేదు. నీకు చెప్పబోయే జాగ్రత్తలన్నీ నాకు ఆ చెరుకురసం బండి దగ్గర మొదలైనవే.

మీ అమ్మ గారి రేకు డబ్బా మాటకి ఒక జవాబు ఉంది. నీ మ్యూజిక్‌కి మూలమైన హౌస్ చికాగోలో, టెక్నో డెట్రాయిట్‌లో పుట్టి పేరు తెచ్చుకోకముందే, 1982లో, బొంబాయి సినిమా స్టూడియోల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన రోలాండ్ కంపెనీ టీబీ-303, టీఆర్-808 అనే సంగీత యంత్రాలు తెచ్చుకుని పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి రికార్డు వేశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత ప్రపంచం దాన్ని వెతికి పట్టుకుని, ఇంత ముందే ఇది మన దేశంలో ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయింది. అందులో యమన్ రాగం ఉంది. ఒక సాయంత్రం అమ్మ పప్పు పోపు పెడుతుండగా అది వినిపించు. నువ్వు వెళ్ళేచోట కూడా ఈ పాట నిన్న మొన్నటిది కాదు. అంజునా ఒడ్డున 1990ల్లో పుట్టిన దరువుకి ప్రపంచమంతా గోవా ట్రాన్స్ అనే పేరు పెట్టింది. కాండోలిం బీచ్‌లో సన్‌బర్న్ అనే ఫెస్టివల్ మొదలైంది 2007లో.

ఇక "తెల్లవార్లూ" అన్న మాట. దీన్ని నువ్వు టికెట్ అమ్మినవాళ్ళని ఈ వారమే అడగాలి. మన దేశంలో 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగించకూడదు. పండగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా సడలింపు ఇవ్వొచ్చు. అదీ అర్ధరాత్రి 12 వరకే. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ పది గంటల హద్దు మీద గట్టిగా నిలబడింది. దక్షిణ గోవాలో పాలోలెం దగ్గర హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడే పార్టీలు పుట్టింది ఇందుకే. బయట నిలబడ్డవాడికి ఇసుక మీద కాళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

అంటే నీ ఫెస్టివల్ ఎలా ఉండొచ్చంటే, సాయంత్రం నుంచి పది దాకా సముద్రం ఒడ్డున స్టేజి, ఆ తర్వాత వేరే చోట మూసిన హాల్లో "ఆఫ్టర్ పార్టీ". ఇది చిన్న విషయం అనుకోకు. వేలమంది ఒక్కసారిగా గేటు బయటికొచ్చి, చీకట్లో టాక్సీల కోసం కొట్టుకుంటూ, ఫోన్లు పలకని చోట ఒకరినొకరు వెతుక్కునే గంట అది. అమ్మాయిలకి ఇబ్బందులు ఎక్కువగా ఎదురయ్యేది స్టేజి ముందు కాదు, ఈ మధ్య దారిలో. గోవాలో మన దగ్గరలా ఓలా, ఊబర్ పలకవు. గోవామైల్స్ అని వేరే యాప్ ఉంది, లేదంటే మాట్లాడుకున్న టాక్సీ. రెండు రాత్రులకీ రానూపోనూ ఒకే టాక్సీ ముందే మాట్లాడుకోండి. ఆరుగురు పంచుకుంటే అది మీ టికెట్‌లో చిన్న ముక్క. ఆ రెండో చోటికి వెళ్ళాలా వద్దా అన్నది సాయంత్రమే తేల్చుకోండి. పదిన్నరకి గేటు బయట నిలబడి ఓటింగ్ పెట్టుకోవద్దు.

ఇప్పుడు ఆ బెంగళూరు సంగతి. నేను ఇక్కడ హాస్టల్లో ఉండి పీజీ చదివే రోజుల్లో నలుగురం అమ్మాయిలం ఇళ్ళల్లో "పరీక్షలకి చదువుకుంటున్నాం, ఇంటికి రాము" అని చెప్పి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖపట్నం వెళ్ళాం. ఒకమ్మాయికి ఉబ్బసం. రెండో రోజు రాత్రి బీచ్ నుంచి వచ్చాక ఊపిరి అందడం మానేసింది. ఇన్‌హేలర్ అయిపోయింది. ఆ అమ్మాయి సొంత మేనమామ మహారాణిపేటలో, మా లాడ్జికి పది నిమిషాల దూరంలో ఉంటాడు. ఆయన నంబరు మా పర్సులోనే ఉంది. ఎస్టీడీ బూత్ ముందు నిలబడ్డాం. ఫోన్ చేస్తే ఏమని చెప్పాలి? హాస్టల్లో ఉండాల్సినవాళ్ళం ఇక్కడెందుకున్నాం? ఇంటికి తెలిసిపోతుందే? ముగ్గురం అదే మాట తిప్పి తిప్పి మాట్లాడుకుంటున్నాం. అది బూత్ మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఒక్కో ఊపిరికీ భుజాలు చెవుల దాకా లేపుతోంది. చివరికి బూత్ ఆయనే షట్టర్ సగం దించి, బయటికొచ్చి, ఆటో ఆపి కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అది బతికింది. ఇప్పుడు దానికి నీ వయసు కూతురుంది. కానీ ఆ మెట్టు మీద మేము పోగొట్టింది అరగంట. మాకు సాయం దొరక్క కాదు. మా అబద్ధం వల్ల మేమే సాయం అడగలేకపోయాం.

అందుకే చెప్తున్నాను. రాత్రి మూడింటికి నీకు ఏదైనా అయితే, ఎవరికి ఫోన్ చేయాలన్నది ఒక్క క్షణం కూడా ఆలోచించాల్సిన పని ఉండకూడదు. నువ్వు బెంగళూరులో ఉన్నావనుకుంటున్న నాన్నకి గోవా నుంచి ఫోన్ చేయడానికి నీ చెయ్యి రాదు. నీ పక్కనున్న అమ్మాయి చెయ్యీ రాదు.

నీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది డ్రగ్స్ మాట కాదు. "పొద్దున్నే అదే కారులో బయల్దేరి" అన్న ముక్క. హైదరాబాద్ నుంచి గోవా 650 కిలోమీటర్ల పైమాటే, ఆగకుండా వచ్చినా పన్నెండు గంటలు. ఇరవై నాలుగు గంటలు నిద్ర లేని మనిషి చేతులూ కళ్ళూ ఎలా పనిచేస్తాయో కొలిచి చూశారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడితో సమానం. డ్రైవింగ్‌కి మన చట్టం పెట్టిన హద్దు 30. తాగినవాణ్ణి మిషన్ పట్టుకుంటుంది, నిద్ర లేనివాణ్ణి ఏ మిషనూ పట్టుకోదు. వాడు చుక్క ముట్టని బుద్ధిమంతుడే అయినా సరే, ఆ కారు ఎక్కకు. రెండో రాత్రి అయ్యాక గదికెళ్ళి పడుకోండి. మర్నాడంతా పడుకోండి. ఇంకో రోజు సెలవు పెట్టుకో. లేదా కారే వద్దు. 2024 అక్టోబరు నుంచి సికింద్రాబాద్ నుంచి గోవాలోని వాస్కోకి రైలు వారానికి రెండు రోజులు నడుస్తోంది, దూద్‌సాగర్ ఘాట్ మీదుగా పోతుంది. విమానమైతే టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్టో చూసుకో. ఉత్తరాన మోపా, వాస్కో పక్కన దబోలిం, మధ్య దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడ అద్దె స్కూటీల మీద అర్ధరాత్రి తిరగడం కూడా వద్దు.

చెవుల గురించి నువ్వు విన్నది నిజమే. దీని గురించి ఎవరూ పట్టించుకోరు గనుక నేను కాస్త ఎక్కువే చెప్తాను. 85 డెసిబెల్స్ మోతని ఎనిమిది గంటలు వినొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ ఆ సమయం సగానికి సగం తగ్గిపోతుంది. లెక్క వేసుకో, 100 దగ్గరకొచ్చేసరికి మిగిలేది పావుగంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇలాంటి వేదికలకి పెట్టిన గరిష్ఠ హద్దు సగటున 100. అంటే హద్దు పాటించిన చోట కూడా ఒట్టి చెవులతో రాత్రంతా నిలబడకూడదనే. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. ఈ పాట మీద ఇంత ప్రేమ ఉన్నదానివి, నలభయ్యో ఏట కూడా వినాలి కదా.

మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, కాఫీ ఖరీదు కూడా ఉండవు. చాలామంది వాటిని బిరడాలా చెవి మొదట్లో పెట్టి వదిలేస్తారు, అలా పెడితే దండగ. దీపానికి వత్తి చేస్తామే, అలా రెండు వేళ్ళ మధ్య సన్నగా, మడత పడకుండా నలపాలి. కుడి చెవికైతే ఎడమ చెయ్యి తల మీదుగా తిప్పి చెవి పైకొసని పైకీ వెనక్కీ లాగాలి. అప్పుడు దారి తిన్నగా అవుతుంది. వత్తిని లోపలికి జార్చి, వేలు తియ్యకుండా ముప్పై లెక్కపెట్టాలి. అది లోపల ఉబ్బుతుంటే బయటి చప్పుడు మెల్లగా దూరమవుతుంది, నీ గొంతు నీకే బిందెలో మాట్లాడినట్టు వినిపిస్తుంది. అలా వినిపిస్తే సరిగ్గా కూర్చున్నట్టు. ఇంట్లో నాలుగుసార్లు అలవాటు చేసుకుని వెళ్ళు. పాట మసకబారుతుందనిపిస్తే మ్యుజీషియన్ ఇయర్‌ప్లగ్స్ అని ఉంటాయి, ఖరీదు ఎక్కువ, కానీ స్వరాలన్నీ సమంగా తగ్గిస్తాయి. దూది మాత్రం పనికిరాదు. స్పీకర్ల ముందు నిలబడకు. గంటకోసారి పది నిమిషాలు దూరంగా వెళ్ళి కూర్చో. వచ్చాక ఒకటి రెండు రోజులైనా చెవిలో కీచురాయి ఆగకపోతే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. వెళ్ళి వినికిడి పరీక్ష చేయించుకో, వారం ఆగకు.

ఇంకో సంగతి, మగవాళ్ళెవరూ నీకు చెప్పనిది. ఇలాంటి చోట్ల టాయిలెట్లు తల్చుకుని మన ఆడవాళ్ళం మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తాం. పెళ్ళిళ్ళకీ బస్సు ప్రయాణాలకీ కూడా అదే అలవాటు. ఉప్పగాలిలో ఆరు గంటలు గెంతితే ఒంట్లో నీళ్ళన్నీ చెమటగా పోతాయి. అర్ధరాత్రి కళ్ళు తిరిగి పడిపోయేది చాలాసార్లు అందుకే. టిష్యూలు, ప్యాడ్స్ పెట్టుకో, వరస పెరగకముందే టాయిలెట్‌కి వెళ్ళు, నీళ్ళు మాత్రం మానకు. అలాగని ఒక్కసారిగా లీటర్లకి లీటర్లు పోయకూడదు. ఒంట్లో ఉప్పు పలచబడితే అదీ ప్రమాదమే. గుక్క గుక్కగా తాగు, మధ్యలో ఒక ఓఆర్ఎస్. బయల్దేరే ముందు అన్నం తిను, పెరుగన్నమైనా సరే. వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకో. ఇసుకలో సీసా పెంకులుంటాయి. పల్చటి పొడుగు చేతుల చొక్కా ఒకటి బ్యాగులో ఉంచు, చెమట ఆరాక తెల్లవారుజామున సముద్రపు గాలి వణికిస్తుంది.

డ్రగ్స్. ఉంటాయి, నీ దాకా రావొచ్చు కూడా. ఎండీఎంఏ అని అమ్మే బిళ్ళలో నిజంగా ఏముందో అమ్మేవాడికే తెలియదు. అసలుదే అయినా ఒంటి వేడిని ప్రాణం మీదికి తెచ్చేంత పెంచుతుంది. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద చిన్న మోతాదు దొరికినా ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. ఎండీఎంఏకి ఆ చిన్న మోతాదు హద్దు అర గ్రాము. అంతకు మించితే శిక్షలు సంవత్సరాల్లో ఉంటాయి. నువ్వు తీసుకోవని నాకు తెలుసు. నా భయం వేరు. గేటు దగ్గర ఎవరో "ఈ పౌచ్ కాస్త నీ బ్యాగులో పెట్టుకో, నాకు జేబులు లేవు" అంటారు. అమ్మాయిల బ్యాగు అంతగా వెతకరని వాళ్ళ ధైర్యం. దొరికితే అది ఎవరి బ్యాగులో ఉంటే వాళ్ళదే. ఎంత స్నేహితుడైనా ఎవరి వస్తువూ నీ బ్యాగులోకి రానివ్వకు. మూత నీ కళ్ళ ముందు తీయని డ్రింకు తాగకు, పక్కన పెట్టి వెళ్ళిన గ్లాసు మళ్ళీ ముట్టకు.

మీ ఆరుగురిలో ఎవరైనా ఏదైనా తీసుకుని ఒళ్ళు కాలిపోతున్నా, పిలిస్తే పలకకపోయినా, "పడుకుంటే తగ్గిపోతుంది" అనే మాట వినకు. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టు, వాంతి గొంతుకి అడ్డం పడకుండా. మెడికల్ టెంట్‌కి మనిషిని పరిగెత్తించు. 2005లో మన హైదరాబాద్‌లో మొదలైన 108 గోవాలోనూ పలుకుతుంది, 112 దేశమంతా పలుకుతుంది. ఏం తీసుకున్నారో డాక్టరుకి దాచకుండా చెప్పు. అక్కడ పరువు కోసం దాచిన మాట మనిషిని చంపుతుంది.

నువ్వు సముద్రం గురించి ఒక్క ముక్క అడగలేదు. మన హైదరాబాద్ వాళ్ళకి పెద్ద నీళ్ళంటే హుస్సేన్ సాగరే, అది లాగదు. గోవా బీచ్‌ల్లో లైఫ్‌గార్డులు ఉండేది పగటిపూట. రాత్రంతా ఆడి, కాళ్ళు లాగుతుంటే, అప్పుడే వెలుగొస్తుంటే, ఎవరో "ఒక్కసారి కాళ్ళు తడుపుకుందాం" అంటారు. అప్పటికి కాపలా ఎక్కలేదు, ఒంట్లో సత్తువ లేదు. అలలు విరగకుండా నున్నగా కనిపించే చోటు మంచి చోటనిపిస్తుంది. చాలాసార్లు అక్కడే నీళ్ళు లోపలికి లాగుతుంటాయి. దూరం నుంచి చూడు, బాగుంటుంది. నీళ్ళలోకి మాత్రం పగలు, కాపలా ఉన్నప్పుడు, ఎర్ర జెండా లేని చోట.

జనంలో ఫోన్లు పలకవు కాబట్టి వెళ్ళగానే ఆరుగురూ ఒక చోటు చూసుకోండి. స్టేజి పక్కన అనుకోవద్దు, అక్కడ మనిషికి మనిషి కనబడడు. కదలనిది, వెలుగున్నది, పేరు పెట్టి చెప్పగలిగేది చూసుకోండి. ప్రతి రెండు గంటలకీ అక్కడ కలవాలి. రెండో అమ్మాయీ నువ్వూ వేరుగా ఒక మాట అనుకోండి: ఒకరు వెళ్ళిపోదాం అంటే రెండోవారు ఎందుకని అడగకుండా బయల్దేరాలి.

ఇంక ఇంట్లో చెప్పడం. అనుమతి అడగడం వేరు, చెప్పి వెళ్ళడం వేరు. నీకు 24 ఏళ్ళు. నువ్వు చేయాల్సింది రెండోది. అమ్మ ఏడవొచ్చు, నాన్న రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఓర్చుకో. వాళ్ళ భయం నిజమైనదే, దానికి నువ్వు ఇవ్వగలిగింది వివరాలు. ఒక కాగితం మీద హోటల్ పేరు, ఫోన్ నంబరు, టాక్సీ నంబరు, మిగతా ఐదుగురి పేర్లూ నంబర్లూ రాసి ఫ్రిజ్ మీద అంటించు. పొద్దున గదికి చేరగానే ఫోన్ చేస్తానని చెప్పు. ఆ ఫోన్ మాత్రం ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకు. ఆ రాత్రి వాళ్ళకీ జాగారమే.

ఒకటి గమనించావా? రాత్రి సంగతి మీ నాన్న గారికి తెలిసినంత నీ స్నేహితులెవరికీ తెలియదు. డిపోలో నైట్ అవుట్ డ్యూటీ వేస్తే తిరుగులేకుండా వెళ్ళిన మనిషి. తెల్లవారుజామున మూడు దాటాక కళ్ళు తెరుచుకునే ఉన్నా రోడ్డు మాయమవడం అంటే ఏమిటో, టీ తాగి ఎంత దూరం నెట్టుకురావచ్చో, ఎక్కడ బండి పక్కకి ఆపెయ్యాలో ఆయనకి ఒంటికి తెలుసు. ఈ ఆదివారం టిఫిన్ అయ్యాక, ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాక, ఎదురుగా కూర్చో. ముందు పాట గురించి ఎత్తకు, దారి గురించి ఎత్తు. "నాన్నా, ఆరుగురం గోవా వెళ్తున్నాం, రాత్రి ప్రోగ్రాం, తిరిగి ఎలా రావాలో నువ్వే చెప్పు" అను. ఆయన మొదట కోప్పడతారు. కోప్పడ్డాక బండి ఎవరు నడుపుతున్నారని అడుగుతారు.